లంగరు పట్టు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాలు దాదాపు అన్నీ లంగరు మీదే వచ్చాయి. కొన్ని అండమాన్‌లో యాట్ల మీద పనిచేసేవాళ్ళ ఇళ్ళ నుంచి, మిగతావి మన రేవుల నుంచి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలని కలిపేశాం. లోతులు మీటర్లలో ఇస్తున్నాం. బారల్లో చూసుకునే అలవాటున్నవాళ్ళు బారకి 1.8 మీటర్ల చొప్పున మార్చుకోండి.

ప్రశ్న: మా తమ్ముడు అండమాన్‌లో 12 మీటర్ల సెయిలింగ్ యాట్ మీద డెక్ పని చేస్తన్నాడు. సాయంత్రం ఆరింటికి సౌండర్ (నీటి లోతు చూపించే యంత్రం) 4 మీటర్లు చూపిస్తే, ఐదు రెట్ల లెక్కన 20 మీటర్ల గొలుసు వదిలారంట. అడుగున మంచి ఇసక. అర్ధరాత్రి దాటాక కాస్త గాలి లేచేసరికి పడవ జారి పక్క యాట్ మీదికి పోయింది. 25 కిలోల లంగరు చాల్లేదని, ఇంకా పెద్దది కొనాలని అనుకుంటన్నారు. మా ఊళ్ళో మూడు బారల నీళ్ళకి పది బారల తాడుతో ఫైబర్ బోట్లు నిలబడతన్నాయి గదా, వాళ్ళకేమొచ్చింది?
– ఒక పాఠకుడు, ఇసకపల్లి

జవాబు: కొత్త లంగరుకి డబ్బు పెట్టకముందు ఆ రాత్రి లెక్క మళ్ళీ వేసుకోమనండి. ఐదు రెట్లు అనేది సౌండర్ చూపించే నీటికి కాదు. సముద్రం అడుగు నుంచి, గొలుసు పడవని వదిలే రోలరు దాకా ఉన్న మొత్తం ఎత్తుకి. అదీ లంగరు వేసే వేళకి ఉన్న ఎత్తు కాదు, ఆ రాత్రి నిండు పోటులో ఉండబోయే ఎత్తు. అంత యాట్‌లో రోలరు నీటిమట్టానికి మీటరు పైనే ఉంటుంది. పోర్ట్‌బ్లెయిర్ చుట్టుపక్కల అమావాస్యకీ పౌర్ణమికీ పోటుకీ పాటుకీ మధ్య తేడా రెండు మీటర్ల దాకా వస్తుంది. మన తీరంలో అది మీటరు అటూ ఇటూ మాత్రమే కాబట్టి ఇక్కడ పెరిగినవాళ్ళకి ఆ లెక్క చప్పున తట్టదు. సాయంత్రం ఆరింటికి నీళ్ళు పూర్తిగా తీసి ఉంటే, ఆరు గంటల పైచిలుక్కి, అంటే అర్ధరాత్రి దాటాక నిండు పోటు. నాలుగుకి రెండూ ఒకటీ కలిపితే ఏడు. 20 మీటర్ల గొలుసు ఏడుకి మూడు రెట్లు కూడా కాదు. వదలాల్సింది 35 మీటర్లు. పడవ జారిన వేళ చూస్తే ఈ లెక్కకి సరిగ్గా సరిపోతోంది.

సౌండర్‌తో ఇంకో తిరకాసు ఉంది. కొన్ని పడవల్లో అది నీటిమట్టం నుంచి లోతు చూపిస్తుంది, కొన్నిట్లో పడవ అడుగున బిగించిన సెన్సర్ నుంచి, ఇంకొన్నిట్లో కీల్ (యాట్ అడుగు నుంచి నీళ్ళలోకి దిగి ఉండే బరువైన పలక) కింది నుంచి. కీల్ రెండు మీటర్లు దిగి ఉన్న యాట్‌లో, కీల్ కింది నుంచి చూపించేలా పెట్టిన సౌండర్ 4 అంటే అసలు లోతు 6. పనిలో చేరినవాడు కెప్టెన్‌ని మొదట అడిగి తెలుసుకోవాల్సింది ఇదే.

పడవని ఆపేది లంగరు బరువని చాలామంది అనుకుంటారు. 30 నాట్ల (నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు) గాలి 12 మీటర్ల యాట్‌ని 500 కిలోలకి పైగా బలంతో లాగుతుంది. దానికి 25 కిలోల ఇనుము బరువు ఏ మూలకి? లంగరు నాగలి కర్రు మాదిరి మట్టిలోకి దిగి, లాగేకొద్దీ ఇంకా లోతుకి పోతేనే పట్టు. అలా దిగాలంటే గొలుసు నేలకి ఆనుకుని అడ్డంగా లాగాలి. పైకి లాగిందా, పెకలించుకుని వస్తుంది. బిర్రుగా నిలిచిన గొలుసు ఐదు రెట్ల దగ్గర అడుగుతో 11 డిగ్రీల చిల్లర కోణం చేస్తుంది, మూడు రెట్ల దగ్గర 19, రెండు రెట్ల దగ్గర 30. లంగరు ఎత్తేటప్పుడు మనం కావాలని గొలుసు తగ్గించి తెచ్చుకునే కోణాన్ని, వీళ్ళు తెలియకుండానే అర్ధరాత్రి తెచ్చుకున్నారు.

గొలుసు బరువు ఎంతవరకు ఆదుకుంటుందో కూడా చూద్దాం. 10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకి 2.3 కిలోలు, నీళ్ళలో 2 కిలోలు. ఆ బరువుకి గొలుసు కిందికి వంగి ఉన్నంతసేపూ లంగరు దగ్గర అది నేల మీదే పడుకుంటుంది. ఏడు మీటర్ల ఎత్తులో, 15 నాట్ల గాలి పెట్టే 140 కిలోల లాగుడికి 32 మీటర్లుంటే ఆఖరి కడియం నేల వదలదు. గాలి 30 నాట్లయితే లాగుడు రెండింతలు కాదు, నాలుగింతలు. అప్పుడు 63 మీటర్లు కావాలి. అందుకే మామూలు రాత్రికి ఐదు రెట్లు, గాలి ముదిరేట్టుంటే ఏడెనిమిది, చుట్టూ జాగా ఉంటే పది. ముందు కొద్దిగా గొలుసు, తక్కినదంతా తాడు అయిన పడవలకి మామూలు రాత్రికే ఏడు రెట్లు.

వేసే పద్ధతి కూడా చెప్పండి తమ్ముడికి. అక్కడున్న పడవలు ఏ వైపు ముక్కు పెట్టి ఉన్నాయో చూసి, అదే వైపుకి నిదానంగా వెళ్ళి పూర్తిగా ఆగాలి. పడవ వెనక్కి కదలడం మొదలయ్యాక లంగరు అడుగుకి తగిలేదాకా దించాలి. ఆ తర్వాత పడవ వెనక్కి పోయేకొద్దీ గొలుసు వదలాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే గొలుసు కుప్పగా లంగరు మీదే పడి రెక్కకి చుట్టుకుంటుంది, అది ఇక దిగదు. మూడు రెట్లు వదిలాక ఆపి, గొలుసు చాపుకోనివ్వాలి. తర్వాత మిగతాది వదిలి, ఇంజన్ రివర్స్‌లో ముందు ఐడిల్ మీద, ఆ తర్వాత నిమిషం పాటు మెల్లగా 1500 చుట్ల దాకా పెంచాలి. ఆ సమయంలో రోలరు ముందు గొలుసు మీద చెయ్యి ఆనించి చూడాలి, వేళ్ళు రోలరు దగ్గరికి పోనివ్వకుండా. గరగరమని వణుకు తెలిస్తే లంగరు జారుతోంది. బిగిసి కదలకుండా ఉంటే దిగింది. గట్టు మీద పక్కకి రెండు గుర్తులు, దగ్గరదొకటి, దూరందొకటి, ఒకే వరసలో పెట్టుకోవాలి. ఇంజన్ లాగుతున్నా ఆ వరస చెదరకపోతే సరే. చేపల జాగా గుర్తుపెట్టుకోవడానికి తాటిచెట్టునీ గుడి గోపురాన్నీ కలిపి చూసుకునే మన పద్ధతే ఇది, కొత్తగా నేర్చుకునేదేం లేదు.

జారితే అక్కడే ఇంకాస్త గొలుసు వదిలి చూడొచ్చు. అయినా ఆగకపోతే పూర్తిగా పైకి తీసి, రెక్క మీద పేరుకున్న గడ్డీ మట్టీ కడిగి, వేరేచోట వేయాలి. ముద్ద కట్టిన లంగరు రెండోసారి దిగదు.

చివరగా స్నబ్బర్. 12 నుంచి 14 మిల్లీమీటర్ల నైలాన్ తాడు, 8 నుంచి 10 మీటర్లు. ఒక చివర కొక్కెంతో గొలుసుకి తగిలించి, రెండో చివర ముందున్న క్లీట్‌కి (డెక్ మీద తాడు కట్టే కొమ్ముకి) కట్టి, బరువంతా తాడు మీద పడేదాకా ఇంకొంచెం గొలుసు వదలాలి. నైలాన్ సాగి కుదుపు మింగుతుంది. ఇది లేకపోతే ప్రతి కుదుపూ విండ్‌లాస్ పళ్ళ మీద పడుతుంది. విండ్‌లాస్ గొలుసు ఎత్తడానికి చేసిన యంత్రం, పడవని రాత్రంతా పట్టుకోవడానికి కాదు.

ఇక మీ ఊరి ఫైబర్ బోటు. స్తంభం లేదు, గది లేదు, గాలికి దొరికే ఒళ్ళు తక్కువ, అడుగున బంక బురద. పైగా లంగరు మీదున్నంతసేపూ బోటులో మనుషులు మెలకువగా ఉంటారు. మూడు రెట్లు అక్కడ చాలుతున్నది ఇందుకే. అదే బోటుని అంతే తాడు మీద రాత్రంతా వదిలేసి ఇంటికి పోతే తెల్లారి వెతుక్కోవాల్సిందే.

ప్రశ్న: అండమాన్‌లో పగడపు దిబ్బల మీద లంగరు వేయకూడదంటారు. పై నుంచి చూసి ఇసకేదో దిబ్బేదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: వేయకూడదనడం మర్యాద కోసం కాదు, చట్టం. దిబ్బ కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ. చట్టం సంగతి పక్కనపెట్టినా, పగడంలో పడిన లంగరు దిగదు, కొమ్మల మధ్య ఇరుక్కుంటుంది. గాలి మారి పడవ తిరిగితే విరిగి ఊడొస్తుంది, లేదా అసలు రాదు. గొలుసు చేసే నష్టం ఇంకా ఎక్కువ. పడవ తిరిగినంత మేరా నేలని గీకేస్తుంది.

చూడాల్సిన వేళ ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు లోపు, సూర్యుడు మీ వీపు వైపు ఉండగా. ఎదురెండలో నీళ్ళు అద్దంలా మెరుస్తాయి, ఏమీ కనపడదు. పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకుని ఒకరు ముందుభాగంలో ఎత్తున నిలబడాలి. లేత ఆకుపచ్చ కలిసిన నీలం ఇసక. గోధుమరంగు, పసుపు కలిసిన మచ్చలు పైకి లేచిన పగడం. ముదురుగా, అంచులు స్పష్టంగా లేకుండా పరుచుకున్నది చాలాచోట్ల సముద్రపు గడ్డి. అందులో కూడా వేయకండి. లంగరు గడ్డి వేళ్ళని ముద్దగా చుట్టుకుని మట్టి దాకా పోదు. పైగా అండమాన్ రాష్ట్ర జంతువైన సముద్రపు ఆవు, డ్యూగాంగ్, తినేది ఆ గడ్డే. మబ్బు నీడ కూడా గడ్డి లాగే కనిపిస్తుంది. రెండు నిమిషాలు ఆగి చూస్తే నీడ కదిలిపోతుంది.

నీళ్ళు మసకగా ఉంటే పాత పద్ధతే దిక్కు. సీసపు గుండు అడుగున ఉన్న గుంటలో గ్రీజో, బట్టల సబ్బో కూరి దించితే అడుగుది అంటుకొస్తుంది. ఇసక రేణువులో, నల్ల బురదో, ఏమీ అంటకుండా గీత పడితే రాయో తెలుస్తుంది. ఇసక దొరికింది గదా అని అక్కడే ఆగకండి. రాతి మీద పలచగా పరుచుకున్న పగడపు ఇసకలో లంగరు జానెడు దిగి ఆగిపోతుంది. నీళ్ళు తేటగా ఉంటాయి కాబట్టి కళ్ళద్దాల మాస్కుతో దిగి కంటితో చూడటమే మేలు. రెక్క పూర్తిగా మునిగి, కాడ పైభాగం మాత్రమే కనిపించాలి.

ఏ పక్కన ఆగాలన్నది కాలాన్ని బట్టి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్యపు గాలి, కాబట్టి దీవికి పడమటి పక్క మరుగు. స్వరాజ్ ద్వీప్‌లో రాధానగర్ బీచ్ పడమటి ముఖంగా ఉంది, ఆ నెలల్లో పనికొస్తుంది. నైరుతి రుతుపవనాల్లో అదే చోటు అలలకి ఎదురు నిలుస్తుంది.

ప్రశ్న: గొలుసుకీ లంగరుకీ మధ్య స్వివెల్ (మెలి పడకుండా గుండ్రంగా తిరిగే లింకు) ఉండాలా?
– ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: రోజూ వేసి ఎత్తే లంగరుకి అక్కర్లేదు. గొలుసు పైకి వచ్చేటప్పుడు మెలి దానంతటదే విడిపోతుంది. మంచి షాకిల్ (పిన్నుతో మూసే యూ ఆకారపు లింకు) ఒకటి చాలు. గొలుసు 10 మిల్లీమీటర్లయితే షాకిల్ 12. పిన్నుని జింకు పూత తీగతో కట్టేయండి, స్టెయిన్‌లెస్ స్టీలు తీగ వద్దు. ఉప్పునీళ్ళలో స్టెయిన్‌లెస్ స్టీలూ జింకూ ఆనుకుని ఉంటే జింకు ముందు తినేసుకుపోతుంది. స్వివెల్ పెట్టి తీరాలంటే నేరుగా లంగరు కాడకి తగిలించకండి. మధ్యలో నాలుగైదు గొలుసు కడియాలు ఉంచండి. పక్కకి లాగుడు పడితే స్వివెల్ దవడలు విచ్చుకుంటాయి.

ప్రశ్న: కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేట్లో మా 9 మీటర్ల బోటు కోసం 500 కిలోల సిమెంటు దిమ్మె పోసి బోయా కట్టాం. వానల్లో పాటు తీసేటప్పుడు దిమ్మెతో సహా జరిగిపోతోంది. ఇంకెంత బరువు కావాలి?
– ఒక పాఠకుడు, ముత్తుకూరు

జవాబు: ముందుగా ఒక మాట. పోర్టు హద్దుల్లో, ఓడల దారి పక్కన బోయా వేయాలంటే పోర్టు అనుమతి ఉండాలి. అది లేకపోతే ఎంత బాగా వేసినా పీకేస్తారు.

కాంక్రీటు నీళ్ళలో తన బరువులో 43 శాతం పోగొట్టుకుంటుంది. మీ 500 కిలోల దిమ్మె అడుగున 285 కిలోలే. గట్టి ఇసక మీద ఊరికే కూర్చున్న దిమ్మె, నీళ్ళలో ఉన్న బరువులో సగం లాగుడికే కదులుతుంది. అంటే 140 కిలోలు. వరద నీరు తోడైన పాటు వేగానికి 9 మీటర్ల బోటు అంతకంటే ఎక్కువే లాగుతుంది. ఇనుము నీళ్ళలో పోగొట్టుకునేది 13 శాతమే, అందుకే పాత ఇనుప దిమ్మెలకి అంత గిరాకీ. పాత ఇంజన్ బ్లాకులు మాత్రం వద్దు. గొలుసు వాటి మూలలకి చుట్టుకుని పొట్టిదైపోతుంది, మిగిలిన ఆయిలు నీళ్ళలోకి కారుతుంది.

కొత్తది పోసేట్టయితే 1.2 మీటర్ల చదరం, 40 సెంటీమీటర్ల మందం పెట్టండి. సుమారు 1,380 కిలోలు, నీళ్ళలో 790. దిమ్మె ఎత్తుగా కాదు, పలచగా వెడల్పుగా ఉండాలి. అడుగు భాగాన్ని పళ్ళెం బోర్లించినట్టు గుంటగా పోస్తే బురదలో కూరుకుని పీల్చి పట్టుకుంటుంది. కొన్నాళ్ళకి దాని అసలు పట్టు బరువు నుంచి కాదు, ఆ కూరుకుపోవడం నుంచే వస్తుంది. గొలుసు తగిలించే లింకుకి 25 మిల్లీమీటర్ల కడ్డీని యూ ఆకారంలో వంచి, లోపలి ఊచల బుట్ట కింది నుంచి తిప్పి పోయండి. ఊచలకి అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలి, లేకపోతే తుప్పుకి దిమ్మె లోపల్నుంచి పగులుతుంది. పోసిన దిమ్మెని 28 రోజులు తడిపాకే నీళ్ళలో దించండి.

దిమ్మె నుంచి మొదట 20 మిల్లీమీటర్ల బరువు గొలుసు, నిండు పోటు లోతుకి ఒకటిన్నర రెట్లు. అది నేల మీద పడుకునే ఉంటూ కుదుపులు మింగుతుంది. దాని చివర స్వివెల్. ఇక్కడ స్వివెల్ తప్పనిసరి, ఎందుకంటే పోటుకీ పాటుకీ బోటు రోజుకి నాలుగుసార్లు తిరుగుతుంది, మెలి విడదీసేవాళ్ళు ఉండరు. స్వివెల్ నుంచి బోయా దాకా 12 మిల్లీమీటర్ల గొలుసు, నిండు పోటు లోతుకి సమానంగా. ఆరు మీటర్లంటే అది 20 కిలోల దాకా తూగుతుంది కాబట్టి బోయా 60 లీటర్లకి తగ్గకూడదు, లేకపోతే మునిగి తేలుతుంటుంది. బోయా పైన లింకు నుంచి బోటుకి 18 మిల్లీమీటర్ల నైలాన్ తాళ్ళు రెండు, ఒకటి కాస్త పొడవుగా. మొదటిది తెగితే రెండోది పట్టుకోవాలి, రెండూ కలిసి అరగకూడదు. బోటు బరువు గొలుసు నుంచి నేరుగా తాడుకి పోవాలి. బోయా ప్లాస్టిక్ మీద పడితే చెవి ఊడొస్తుంది.

గొలుసు అంతటా ఒకేలా అరగదు. నేల మీద పడుకున్న గొలుసు పైకి లేచే చోట, ఆ ఒకటి రెండు మీటర్ల మేర, రాత్రీ పగలూ లేచి పడుతూ ఇసకలో నూరుకుంటుంది. ఏడాదికొకసారి, ఈశాన్య రుతుపవనాలకి ముందు, సెప్టెంబర్లో పైకి తీసి కడియాలు ఒరుసుకునే చోట వెర్నియర్‌తో కొలవండి. 12 ఉన్నది 9కి వస్తే ఆ ముక్క మార్చేయాలి. బయటికి బాగానే కనిపించే కడియం లోపలి అంచున సగానికి సగం తినేసి ఉండటం మామూలే.

మీ ఏరు ఇరుకుగా ఉంటే ఇంకో దారి ఉంది. ఒకే పెద్ద దిమ్మెకి బదులు ఎగువన ఒక లంగరు, దిగువన ఒకటి వేసి, రెండు గొలుసుల్నీ మధ్యలో ఒక స్వివెల్‌కి కలపడం. పోటులో ఒకటి, పాటులో ఇంకొకటి పట్టుకుంటుంది, బోటు దాదాపు ఉన్నచోటే తిరుగుతుంది. ఏటికి అడ్డంగా గాలి ముదిరితే మాత్రం రెండిటి మీదా పక్కలాగుడు పడుతుంది, అందుకని గొలుసుల్ని మరీ బిర్రుగా కట్టకూడదు.

ప్రశ్న: ఊచలు వంచి చేయించిన నాలుగు కొక్కేల లంగరు మాది. వలలు తగులుకునే రాళ్ళ దగ్గర ఇరుక్కుంటే తాడు కోసుకుని రావాల్సొస్తోంది.
– ఒక పాఠకుడు, పాకల

జవాబు: తాడు కట్టే చోటు మార్చండి. పైన కన్నానికి కాకుండా, కొక్కేలు కలిసే అడుగు దగ్గర ఒక లింకు వెల్డింగ్ చేయించి, గొలుసుని దానికి బిగించండి. తర్వాత గొలుసుని కాడ వెంబడి పైకి తెచ్చి, పై కన్నానికి 3 మిల్లీమీటర్ల వల దారంతో రెండు మూడు చుట్లు కట్టండి. మామూలుగా లాగుడంతా పై కన్నం నుంచే పోతుంది. ఇరుక్కున్నప్పుడు బోటుని సరిగ్గా దాని నెత్తి మీదికి తెచ్చి నిటారుగా గట్టిగా లాగితే దారం తెగి, లంగరు అడుగు వైపు నుంచి తలకిందులుగా ఊడొస్తుంది. రాత్రి నిద్రపోయేటప్పుడు ఈ ఏర్పాటు వద్దు. గాలి తిరిగితే ఆ దారం మీకు చెప్పకుండానే తెగుతుంది.

ఇసకలో ఈ కొక్కేల లంగరు పెద్దగా పట్టదు, గీక్కుంటూ పోతుంది. దాని చోటు రాయే. 10 మిల్లీమీటర్ల ఊచ కొక్కేలు లాగుడికి చాపుకుపోతాయి. కొందరు కావాలనే అలా పెట్టుకుంటారు, ఇరుక్కుంటే ఇంజన్‌తో లాగి చాపి, ఒడ్డుకొచ్చాక మళ్ళీ వంచుకుంటారు. అదీ ఒక పద్ధతే గానీ, అలాంటి లంగరుని నమ్మి బోటు వదిలి పోకూడదు.

ఇరుక్కున్న తాడుని ఎట్టి పరిస్థితిలోనూ బోటు వెనకభాగానికి కట్టి ఇంజన్‌తో లాగకండి. వెనకభాగం కిందికి గుంజుకుపోయి, వచ్చే అల నేరుగా ఇంజన్ మీదుగా లోపలికి దూకుతుంది. కట్టేది ఎప్పుడూ ముందుభాగానికే.

ప్రశ్న: లంగరు తాడు కొత్తదైనా బోటు అంచు దగ్గర తెగిపోతోంది. ఇంకా లావు తాడు వేయాలా?
– ఒక పాఠకుడు, మైపాడు

జవాబు: లావు కాదు, రకం చూడండి. నీళ్ళ మీద తేలే ఆకుపచ్చ, నీలం తాళ్ళు ఎక్కువగా పాలిప్రొపిలీన్. చవక, కానీ నైలాన్ అంత సాగవు, ఎండకి పైపేటలు పిండిగా రాలతాయి. రాపిడి వేడికి కరుగుతాయి కూడా. లంగరుకి ముప్పేట నైలాన్ తాడు వాడండి. 16 మిల్లీమీటర్లది కొత్తగా ఉన్నప్పుడు ఐదు టన్నుల దాకా ఆగుతుంది. తడిస్తే పదో వంతు పైగా తగ్గుతుంది. ముడి వేస్తే ఇంకో సగానికి దగ్గరగా పోతుంది, ఎందుకంటే ముడి మలుపులో బయటి పేటలే బరువంతా మోస్తాయి. గొలుసుకి కలిపే చోట ముడి కాకుండా, థింబుల్ (తాడు అరగకుండా లోపల పెట్టే లోహపు కన్ను) చుట్టూ తిప్పి పేటలు విప్పి ఐదారు వరసలు తిరిగి అల్లితే బలంలో పదో వంతుకి మించి పోదు.

అంచుకి రాసుకునే చోట అర మీటరు ఫైర్ హోసు ముక్క తొడిగి, రెండు చివరలా తాడుకి కుట్టేయండి. తోటల్లో వాడే ప్లాస్టిక్ గొట్టం వద్దు. అది నైలాన్ పుట్టించే వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ఎంత తొడిగినా, రెండు మూడు గంటలకోసారి అర జానెడు తాడు వదిలి రాసుకునే చోటు మార్చడమే అన్నిటికన్నా మంచి మందు.

ప్రశ్న: తుపాను హెచ్చరిక వస్తే జువ్వలదిన్నె హార్బర్‌లో మెకనైజ్డ్ బోట్లని ఎలా కట్టుకోవాలి? పక్కపక్కనే ఐదారు కట్టేస్తారు.
– కొందరు బోటు యజమానులు, బోగోలు మండలం

జవాబు: గాలి ఏ వైపు నుంచి ఏ వైపుకి తిరుగుతుందో ముందే తెలిస్తే సగం పని అయినట్టే. బంగాళాఖాతం తుపానుల్లో గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. కేంద్రం మనకి తూర్పున సముద్రంలో ఉండి ఉత్తరానికి పోతే మొదట ఉత్తరపు గాలి, తర్వాత వాయవ్యం, దాటిపోయాక పడమర, నైరుతి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం మన తీరానికి తూర్పుగానే పైకి పోయింది. అదే కేంద్రం మనకి దక్షిణాన తీరం దాటితే ఈశాన్యం, తూర్పు, ఆగ్నేయం. ఇది ప్రమాదకరమైనది, సముద్రాన్ని గట్టు మీదికి తోస్తుంది, ఉప్పెన వచ్చేది ఈ పక్కనే. మొదటి రకంలో గాలి నీటిని బయటికి తోసి హార్బర్‌లో మట్టం తగ్గొచ్చు, బోట్లు బిర్రు తాళ్ళకి వేలాడతాయి. ఏదైనా సరే, తొలి గాలికి మాత్రమే సరిపోయేలా కట్టిన బోటు రెండో గాలికి దెబ్బతింటుంది.

ముందు తాడు, వెనక తాడు మాత్రమే కడితే బోటు జెట్టీ వెంబడి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ముందుభాగం నుంచి వెనకవైపు గుంజకి ఒకటి, వెనకభాగం నుంచి ముందువైపు గుంజకి ఒకటి, ఏటవాలుగా కట్టాలి. ఇవి పొడవుగా ఉంటాయి కాబట్టి నీళ్ళు పెరిగినా తగ్గినా సర్దుకుంటాయి. ప్రతి తాడూ రెండేసి, వేర్వేరు గుంజలకి. ఒకే గుంజకి పదిమంది తాళ్ళు వేస్తే అది ఊడిన రోజున పది బోట్లూ పోతాయి.

పక్కపక్కన కట్టేటప్పుడు బయటి బోటు లోపలి బోటుకి మాత్రమే కట్టుకుంటే బరువంతా జెట్టీ పక్క బోటు మీద పడుతుంది. ప్రతి బోటు నుంచీ నేరుగా గట్టుకి ముందొకటి, వెనకొకటి తాడు పోవాలి. మూడుకి మించి ఒక వరసలో వద్దు. ఒక బోటు క్యాబిన్ పక్క బోటు క్యాబిన్‌కి సూటిగా రాకుండా కొంచెం ముందూ వెనకా జరిపి కట్టండి, ఊగేటప్పుడు పైభాగాలు కొట్టుకోవు. మధ్యన టైర్లు ఒక్కో పక్కా కనీసం నాలుగు. వాటిని తాడుతో కాదు, గొలుసుతో వేలాడదీయండి. ముఖద్వారానికి ఎదురుగా ఉండే చోటు వదిలేయండి, అల లోపలికొచ్చేది అటు నుంచే.

వలలు, టార్పాలిన్లు, జెండా కర్రలు, ఐస్ పెట్టెలు దించేయండి. ఇంజన్‌కి సముద్రపు నీళ్ళు తెచ్చే వాల్వు మూయండి. బ్యాటరీ నిండుగా ఉంచి బిల్జి పంపు (బోటు అడుగున చేరే నీళ్ళు తోడేది) ఆటోలో పెట్టండి. పోర్టులో ఒకటి, రెండు నంబరు హెచ్చరికలంటే తుపాను ఇంకా దూరంగా ఉందని. ఈ పనులన్నీ అప్పుడే అయిపోవాలి. మూడో నంబరు ఎగిరాక తాడు సర్దడం తప్ప కొత్తగా ఏమీ మొదలుపెట్టకండి. ఐదు దాటితే బోట్లో మనిషి ఉండకూడదు. బోటు పోతే ఇంకోటి చేయించుకోవచ్చు.

ప్రశ్న: ఫోన్లో లంగరు అలారం పెట్టుకుంటే నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఫోన్‌ని ఛార్జింగులో ఉంచితే నమ్మొచ్చు. గుర్తుపెట్టాల్సింది లంగరు పడిన చోటుని, బోటు ఆగిన చోటుని కాదు. కాబట్టి లంగరు అడుగుకి తగిలిన క్షణమే ముందుభాగంలో నిలబడి నొక్కాలి. వ్యాసార్ధం అంటే వదిలిన గొలుసు, పడవ పొడవు, ఇంకో పది మీటర్లు. అంతకంటే తగ్గిస్తే గాలి తిరిగిన ప్రతిసారీ లేపుతుంది, రెండో రాత్రికి మీరే అలారం ఆపేస్తారు.

ప్రశ్న: రాత్రి లంగరు మీదున్న చిన్న బోటుకి దీపం పెట్టాలా?
– ఒక పాఠకుడు, కృష్ణపట్నం

జవాబు: పెట్టాలి. 50 మీటర్లలోపు పడవకి, అన్ని వైపుల నుంచీ కనపడే తెల్ల దీపం ఒకటి, బాగా కనిపించే చోట. పగలు ముందుభాగంలో ఒక నల్ల బంతి. 7 మీటర్లలోపు పడవకి మినహాయింపు ఉంది గానీ, ఓడల దారిలోనో, ఇరుకు కాలువలోనో, వేరే పడవలు తిరిగే చోటో అయితే ఆ మినహాయింపు చెల్లదు. మీ ఏట్లో ఈ మూడూ ఉన్నాయి. స్తంభం కొనన పెట్టిన దీపం దూరపు ఓడకి కనపడుతుంది, దగ్గరికొచ్చే ఫైబర్ బోటువాడికి నక్షత్రాల్లో కలిసిపోతుంది. అందుకని మనిషి తల ఎత్తున, డెక్ మీద వెలుగు పడేలా ఇంకో చిన్న ఎల్‌ఈడీ వేలాడదీయండి. రంగు దీపాలు, మిణుకుమిణుకుమనేవి మాత్రం వద్దు. వాటికి సముద్రంలో వేరే అర్థాలున్నాయి.